టేప్ రికార్డర్ గోలకు తిరుగులేని వైద్యం

చిరంజీవులకు ఆశీస్సులు.

అటక మీది నుంచి దింపిన టేప్ రికార్డర్‌లో పాటకన్నా గోలే ఎక్కువగా ఉందని, దానికి మందేమిటని అడిగారు. నూటికి నూరుపాళ్లూ పనిచేసే వైద్యం ఒక్కటే ఉంది: ప్లగ్గు పీకి, బ్యాటరీలు కూడా తీసేయండి. ఆ తర్వాత రవ్వంత గోల వినిపిస్తే నన్నడగండి. అది రుచించకపోతే స్పీకరు మీద దుప్పటి మడత పెట్టి కప్పండి. 'స్స్' మనే బుస తగ్గుతుంది, తాళాల మోతా గాయకుల సకారాలూ దాని వెంటే పోతాయి.

నవ్వకండి, ట్రెబుల్ (సన్నని కీచు ధ్వనుల పాలు) తగ్గించి గోల పోయిందని మురిసిపోయే పెద్దలు చేసేదీ దుప్పటి వైద్యమే. టేపు మీద పూసిన అయస్కాంత రేణువులు ఎంత సన్ననివైనా విడివిడి రేణువులే కనుక, వాటి అమరికలోని హెచ్చుతగ్గులే మనకు బుసగా వినిపిస్తాయి. 1963లో ఫిలిప్స్ సంస్థ తెచ్చిన క్యాసెట్‌లో టేపు వెడల్పు 4 మిల్లీమీటర్లు కూడా ఉండదు, పైగా అది సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున నింపాదిగా నడుస్తుంది. అందువల్ల టేపును చదివే 'హెడ్' ముందుకు వచ్చే రేణువులు తక్కువై, పాటతో పోలిస్తే బుస పాలు పెరుగుతుంది. అమెరికా ఇంజనీరు రే డాల్బీ దీనికి చక్కని ఉపాయం పన్నాడు. రికార్డు చేసేటప్పుడే మెల్లగా వినిపించే సన్నని కీచు ధ్వనులను పెంచి, వినేటప్పుడు సరిగ్గా అంతే తగ్గిస్తే, పాట యథాస్థితికి వస్తుంది, మధ్యలో చేరిన బుస మాత్రం అణుగుతుంది. అలా పెంచకుండా రికార్డు చేసిన క్యాసెట్‌కు డాల్బీ మీట నొక్కారో, మళ్లీ దుప్పటి కప్పినట్టే.

'గుయ్' మనే హోరు వేరే జాతిది. బ్యాటరీలతో నడిపినప్పుడు అది మాయమైతే కరెంటు వైపు నుంచి వచ్చిందన్నమాట. పెట్టె నెత్తిన ఒక్కటి మొడితే గోల ఆగిందంటే ఎక్కడో తీగ వదులైంది. దాన్ని అతికించడానికి బద్ధకమైతే, మొట్టడానికి మీలో ఒకరిని శాశ్వతంగా నియమించుకోండి.

పాట మసకబారితే మాత్రం దూది చుట్టిన పుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి హెడ్ తుడవండి. దూదికి అంటే గోధుమరంగు మరక టేపు నుంచి రాలిన పూతే. గరుకు కాగితంతో రుద్దితే హెడ్ గీతలు పడి పాడవుతుంది. టేపు దగ్గరికి అయస్కాంతం అసలే తేకండి. పోయేది పాట, మిగిలేది బుస.