శానటోరియం స్టేషన్ నుంచి బియ్యం సంచి దాకా

బీచ్ నుంచి తాంబరం వెళ్లే లోకల్ ట్రైన్‌లో క్రోంపేట దాటగానే ఒక స్టేషన్ వస్తుంది. బోర్డు మీద 'తాంబరం శానటోరియం' అని ఉంటుంది. చెన్నైవాళ్లు ఉత్త 'శానటోరియం' అనే అంటారు. ఆ మధ్య శ్రీకాకుళం నుంచి సెంట్రింగ్ పనికి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు నా ఎదురుగా కూర్చుని ఆ బోర్డును కూడబలుక్కుని చదివారు. "శానిటైజర్ చేసే కంపెనీ ఏదైనా ఉందేటన్నా ఇక్కడ?" అని అడిగాడు చిన్నవాడు. టీబీ ఆసుపత్రి ఉంది, దాదాపు వందేళ్ల నాటిది అన్నాను. పెద్దవాడు చటుక్కున చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. ట్రైన్ కదిలాకే తీశాడు.

నవ్వొచ్చింది గానీ నవ్వలేకపోయాను. మాది చిత్తూరు జిల్లా. మా ఇళ్లల్లో "ఆయన్ని మదనపల్లెకు తీసుకుపోయినారు" అంటే ఎందుకని ఎవరూ అడిగేవాళ్లు కారు. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915లో తెరిచిన శానటోరియం అంత పేరు మోసింది. మా పెదనాన్న అలా పోయి, ఏడాది పైచిలుకు ఉండి, నయమయ్యే వచ్చాడు. వచ్చిన పదేళ్లకు కూడా ఆయన కంచం, చెంబు పెరట్లో తొట్టి పక్కన బోర్లించి ఉండేవి. ఆయన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. కంచం మాత్రం వంటింట్లోకి రాలేదు.

ఆ కంచం లోపలికి రావచ్చని అప్పటికే చెన్నైలో లెక్కలతో తేల్చేశారు. మా ఊరికి ఆ కబురు అందలేదు, అంతే.

ఇప్పుడు ఈ పాత సంగతి ఎందుకంటే, టీబీ రోగులకు తిండి కోసం కేంద్రం నెల నెలా బ్యాంకు ఖాతాలో వేసే డబ్బు 2018లో 500 రూపాయలతో మొదలై 2024 నవంబరు నుంచి 1,000 అయింది. రోగి ఇంట్లోవాళ్లకు కూడా ఆహార కిట్లు ఇవ్వాలన్న నిర్ణయమూ అప్పుడే వచ్చింది. మందులు ఇస్తున్నారు సరే, ఇంటిల్లిపాదికీ బియ్యం పప్పు ఎందుకని అడిగేవాళ్లున్నారు. ఓట్ల కోసమని తేల్చేసేవాళ్లూ ఉన్నారు. దీని వెనక దాదాపు 70 ఏళ్ల కథ ఉంది. అందులో సగం చెన్నై చేట్‌పట్‌లోని ఒక ప్రభుత్వ సంస్థ చుట్టూ తిరుగుతుంది.

మందులు రాకముందు క్షయకు వైద్యమంటే మంచం, గాలి, గుడ్లు, పాలు. మరీ అయితే ఛాతీలోకి గాలి ఎక్కించి జబ్బుపడిన ఊపిరితిత్తిని కుదించి, దానికి విశ్రాంతి ఇవ్వడం. 1940లలో స్ట్రెప్టోమైసిన్, పాస్ అనే మందులు వచ్చాయి. 1952లో ఐసోనియాజిడ్ వచ్చింది. జబ్బు నయమవుతుందని తేలిపోయింది. చిక్కల్లా మంచాల దగ్గరే. మనదేశంలో రోగులు లక్షల్లో, ఆసుపత్రి మంచాలు వేలల్లో. అందరికీ శానటోరియాలు కట్టాలంటే ఖజానా చాలదు. అసలు మందు పనిచేస్తున్నప్పుడు మంచం అవసరమా?

ఈ ప్రశ్న ఎవరు అడుగుతారో ఆలోచించండి. మందుల కంపెనీకి మాత్ర అమ్ముడుపోతే చాలు, రోగి ఎక్కడ పడుకుంటే దానికేం? శానటోరియం నడిపేవాళ్లు అడగరు, అడిగితే వాళ్ల గేటుకే తాళం. మంచాల ఖర్చు భరించాల్సిన ప్రభుత్వానికే ఆ జవాబు కావాలి. 1956లో భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, అప్పటి మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి కలిసి చేట్‌పట్‌లో టీబీ మందుల పరిశోధన కేంద్రం పెట్టాయి. ఐదేళ్ల ప్రాజెక్టు అనుకున్నారు. అదే ఇప్పటి జాతీయ క్షయ పరిశోధన సంస్థ. బ్రిటన్ నుంచి వచ్చిన వాలెస్ ఫాక్స్ అనే డాక్టరు మొదటి ఐదేళ్లూ దాన్ని నడిపించారు. ఆ రోజుల్లో కేంద్ర ప్రభుత్వానికి టీబీ సలహాదారుగా ఉన్న పి.వి. బెంజమిన్ అంతకుముందు మన ఆరోగ్యవరం శానటోరియం పెద్ద డాక్టరే.

నగరంలోని పేదపేటల నుంచి దాదాపు 200 మంది రోగులను తీసుకున్నారు. ఎవరు శానటోరియానికి, ఎవరు ఇంటికి అన్నది డాక్టరు చేతిలో పెట్టలేదు, చీటీలు తీసినట్టు తేల్చారు. మందులు ఇద్దరికీ ఒకటే, ఐసోనియాజిడ్, పాస్, ఏడాది పాటు. శానటోరియంలో ఉన్నవాళ్లకు కడుపునిండా తిండి, విశ్రాంతి, గాలి ఆడే వార్డు. ఇంట్లో ఉన్నవాళ్లకు ఒకే గదిలో ఆరేడుగురు, చాలీచాలని కూడు, కొంచెం తేరుకోగానే మళ్లీ కూలిపని.

పాస్ మందు రోజుకు గ్రాముల లెక్కన మింగాలి. కడుపులో తిప్పుతుంది. మనవాళ్లు ఎవరైనా పారేస్తారు. అది చేట్‌పట్ కేంద్రంవాళ్లకూ తెలుసు. అందుకే చెప్పాపెట్టకుండా ఇళ్లకు వెళ్లి మిగిలిన మందు లెక్కపెట్టేవాళ్లు. అక్కడికక్కడే మూత్రం పట్టించి, అందులో రసాయనం కలిపి, రంగు మారిందో లేదో చూసేవాళ్లు. రంగు మారితే మింగినట్టు. మన పల్లెల్లో అప్పులవాడు కూడా ఇంత పట్టుగా తిరిగి ఉండడు.

1959లో ఫలితాలు అచ్చయ్యాయి. ఏడాది చివర శానటోరియం వాళ్లలో 92 శాతం మందికి, ఇంటివాళ్లలో 86 శాతం మందికి తెమడలో క్రిములు లేకుండా పోయాయి. ఐదేళ్లు వెంటపడి చూస్తే ఆ కాస్త తేడా కూడా మిగల్లేదు. రోగిని ఇంట్లో ఉంచినందువల్ల ఇంట్లోవాళ్లకు అదనంగా జబ్బు రాలేదు కూడా. అంటుకోవాల్సింది మందు మొదలుపెట్టకముందే అంటుకుంటోంది. మందు పడుతున్న మనిషి కంచాన్ని పెరట్లో బోర్లించి ప్రయోజనం లేదన్నమాట.

ప్రపంచమంతా ఆ జవాబు పట్టుకుంది. ధనిక దేశాల్లో కూడా శానటోరియాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఇక్కడ కొత్తవి కట్టే ఆలోచన ఆగిపోయి, 1962లో జాతీయ క్షయ నియంత్రణ కార్యక్రమం ఇంటి వైద్యం మీదే మొదలైంది. ఆ కార్యక్రమాన్ని జిల్లాల్లో ఎలా నడపాలో రూపం ఇచ్చింది బెంగళూరులో 1959లో పెట్టిన జాతీయ క్షయ సంస్థ. వాళ్లు తుమకూరు జిల్లా పల్లెల్లో చేసిన ఒక పని నాకు చాలా ఇష్టం. తెమడలో క్రిములున్న రోగులను ఇళ్లల్లో వెతికి పట్టుకుని, మీరు ఎక్కడికైనా వెళ్లారా అని అడిగారు. సగం మందికి పైగా అప్పటికే ప్రభుత్వ ఆసుపత్రి మెట్లెక్కి వచ్చినవాళ్లే. అక్కడ దగ్గు మందు సీసా చేతిలో పెట్టి పంపించారు. జనానికి తెలివి లేదు, డాక్టరు దగ్గరకు రారు అని అప్పటిదాకా ఆఫీసుల్లో చెప్పుకున్న మాట అక్కడితో చెల్లిపోయింది. రోగిని వెతుక్కుంటూ ఎక్స్‌రే వ్యాన్లు తిప్పడం కంటే, వచ్చిన రోగి తెమడ పరీక్ష చేయడం ముందు చూడాలని 1963లో రాశారు.

పరిశోధన గెలిచింది, విధానం మారింది అని ఇక్కడ కథ ఆపేయొచ్చు. నిజం అంత సాఫీగా లేదు. మద్రాసు ప్రయోగంలో రెండు సగాలున్నాయి. మంచం అక్కర్లేదన్నది ఒకటి. ఇంటికి వెళ్లి మందు లెక్కపెట్టే మనిషి ఉండాలన్నది రెండోది. మొదటి సగం డబ్బు మిగిల్చేది, ప్రభుత్వాలు దాన్ని చటుక్కున అందుకున్నాయి. రెండో సగానికి జీతాలివ్వాలి. దాన్ని అక్కడే వదిలేశాయి. రోగి చేతిలో నెలకు సరిపడా మాత్రలు పెట్టి పంపడం, అతను రెండో నెలకే దగ్గు తగ్గిందని మానేయడం, ఏడాది తిరిగేసరికి మళ్లీ రావడం. ముప్పై ఏళ్లు ఇదే తంతు. 1992లో కార్యక్రమాన్ని సమీక్షిస్తే కోర్సు పూర్తి చేస్తున్నవాళ్లు తక్కువేనని తేలింది.

దానికి మందు కూడా చేట్‌పట్ అల్మరాలోనే ఉంది. వారానికి రెండుసార్లు, సిబ్బంది కళ్ల ముందే మందు వేయించినా జబ్బు నయమవుతుందని వాళ్లు 1964 నాటికే చూపించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలో 'డాట్స్' పేరుతో దేశదేశాలకు చెప్పిన పద్ధతికి ఆ ప్రయోగాలు ఒక పునాది. మనకు మాత్రం అది 1993లో ప్రయోగాత్మకంగా, 1997లో పూర్తి కార్యక్రమంగా వచ్చింది. మన ఊళ్లో చేసిన పని ముప్పై ఏళ్లకు, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉండే జెనీవా మీదుగా తిరిగొచ్చింది. 2017 నుంచి మళ్లీ రోజూ మందు అయింది, అది వేరే చర్చ.

మధ్యలో టీబీ టీకా సంగతి ఒకటుంది. బీసీజీ మనదేశంలో 1948లో మొదలైంది, మొదటి చోట్లలో మదనపల్లె ఒకటి. టీకా తయారీకి గిండీలో ల్యాబు పెట్టారు. ఇరవై ఏళ్లు వేశాక, ఇది నిజంగా ఎంత కాపాడుతోందో చూద్దామని 1968లో అప్పటి చెంగల్పట్టు జిల్లా తిరువళ్లూరు ప్రాంతంలో పెద్ద పరీక్ష మొదలుపెట్టారు. తెలుగు, తమిళం కలిసిపోయిన పల్లెలు అవి. సుమారు 2 లక్షల 80 వేల మందికి కొందరికి టీకా, కొందరికి టీకాలా కనిపించే ఉత్త మందు వేసి 15 ఏళ్లు చూశారు. పెద్దవాళ్లకు వచ్చే ఊపిరితిత్తుల టీబీని బీసీజీ ఆపడం లేదని తేలింది. పసిపిల్లల్లో మెదడుకు పాకే టీబీ లాంటి ప్రమాదాల నుంచి రక్షిస్తుంది కాబట్టి వాళ్లకు వేయడం కొనసాగించారు. ప్రభుత్వం తానే తయారుచేసి, తానే ఊరూరా వేయించిన టీకా గురించి ప్రభుత్వ డబ్బుతోనే ఈ మాట రాయగలిగారంటే, నాకైతే 1959 నాటి గెలుపు కంటే ఇదే పెద్దదనిపిస్తుంది. దేశం మొత్తం పరిశోధన మీద పెట్టే ఖర్చు జీడీపీలో 0.64 శాతం. అందులో ఇలాంటి 'పనిచేయలేదు' అనే జవాబులకు ఎవరైనా లెక్క రాస్తున్నారా అన్నది నా అనుమానం.

ఇక తిండి. మద్రాసు ప్రయోగంలో శానటోరియం వాళ్లు బాగా ఒళ్లు చేశారు, ఇంటివాళ్లు అంతగా చేయలేదు. అయినా ఇద్దరికీ నయమైంది. మందు సరిగ్గా పడితే తిండిలో తేడా వల్ల ఫలితం పెద్దగా మారదని 1961లో ఇంకో పత్రం వచ్చింది. అడిగిన ప్రశ్నకు అది సరైన జవాబే. కాకపోతే చదివినవాళ్లు దాన్ని 'టీబీకి తిండితో పనిలేదు' అని చదువుకున్నారు. అలా చదువుకోవడం చౌక కూడా. గుడ్లు, పాలు వైద్యంలోంచి మాయమయ్యాయి. పెదనాన్నకు మదనపల్లెలో రోజూ ఇచ్చిన గుడ్డు సంగతి ఆయన చివరిదాకా చెప్పేవాడు, మందు పేరు మాత్రం ఆయనకు గుర్తులేదు.

అడగకుండా మిగిలిపోయిన ప్రశ్న వేరు. తిండి సరిగా లేని ఇంట్లో రోగి పక్కన పడుకునే మిగతావాళ్ల మాటేమిటి? 2019లో జార్ఖండ్‌లోని నాలుగు జిల్లాల్లో చేట్‌పట్ సంస్థ, మంగళూరుకు చెందిన వైద్యులు కలిసి దీన్నే పరీక్షించారు. రోగులందరికీ ఆహారం ఇచ్చారు. సగం ఇళ్లలో మాత్రం కుటుంబసభ్యులకు కూడా మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు ఇచ్చారు. 10,000 మందికి పైగా కుటుంబసభ్యులు. 2023 ఆగస్టులో ఫలితం వచ్చింది. బియ్యం పప్పు అందిన ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది, ఇతరులకు అంటుకునే రకం 48 శాతం తగ్గింది. రోగుల్లో కూడా మొదటి రెండు నెలల్లో బరువు పెరిగినవాళ్లకు చావు ముప్పు బాగా తగ్గింది. ఆ మరుసటి ఏడే ఖాతాలో డబ్బు రెట్టింపైంది, కుటుంబాలకు కిట్లనే మాట వచ్చింది. ఈసారి ముప్పై ఏళ్లు పట్టలేదు. అందరికీ అందుతున్నాయా అన్నది ఆ ఇళ్లకు వెళ్లి చూడాల్సిన సంగతి. 2025కల్లా టీబీని తుడిచేస్తామన్న గడువు దాటిపోయింది. 2015లో లక్షకు 237 ఉన్న కొత్త కేసులు 2023కి 195కు దిగాయి. ఇప్పటికీ ప్రపంచంలో ప్రతి నలుగురు టీబీ రోగుల్లో ఒకరు మనవాళ్లే.

తమిళనాడు 2022లో ఇంకో పని మొదలుపెట్టింది. దీనికి ఆలోచన ఇచ్చింది కూడా చెన్నైలోనే ఉన్న ఐసీఎంఆర్ వారి అంటువ్యాధుల అధ్యయన సంస్థ. టీబీ అని తేలగానే నర్సమ్మ రోగిని త్రాసు మీద ఎక్కిస్తుంది, ఎత్తు కొలుస్తుంది, వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూస్తుంది, ఊపిరి లెక్కపెడుతుంది. ఎవరి సాయం లేకుండా లేచి నిలబడమంటుంది. బాగా చిక్కిపోయిన మనిషైతే పాదం మీద బొటనవేలితో నొక్కి పట్టుకుని వదులుతుంది. గుంట పడి అలాగే ఉండిపోతే, అంటే కాళ్లకు నీరు పట్టి ఉంటే, ఆ మనిషిని ఇంటికి పంపరు, మంచం ఇస్తారు. అలాంటి మంచాలున్న చోట్లలో ఒకటి ఆ కుర్రాడు రుమాలు అడ్డం పెట్టుకున్న స్టేషన్ పక్కనే ఉంది.