బోర్డు మీద పేర్లు

చిత్తూరు

అమ్మణ్ణికీ, అబ్బోడికీ తాత ఆశీస్సులు.

మొన్న ఫోనులో అమ్మణ్ణి ఒకటే ఏడుపు. సార్ రూములో లేనప్పుడు క్లాసు లీడరు నీ పేరు బోర్డు మీద రాసి పక్కన మూడు ఇంటూలు పెట్టిందన్నావు. వచ్చే వారం లీడరువి నువ్వే కాబట్టి ఆ పిల్లకి ఐదు పెడతానన్నావు. మధ్యలో అబ్బోడు "నువ్వు కూడా ఇట్లా రాయించేవాడివా తాతా?" అన్నాడు. ఫోనులో చెబితే తెగేది కాదని ఈ ఉత్తరం.

రాయించాను. ఉద్యోగంలో చేరిన మొదటి మూడేళ్లూ రాయించాను. కాణిపాకం దగ్గర పల్లెలో ఒక్క గది బడి. అయివారిని నేనొక్కణ్ణే, క్లాసులు ఐదు. ఐదో క్లాసుకి భాగహారం చెబుతుంటే ఒకటో క్లాసు వేపచెట్టు కిందికి జారుకునేది. టేబుల్ మీద చింతబరికె ఉన్నా తియ్యనని గొప్పలు చెప్పుకునేవాణ్ణి. బోర్డు ఉండగా బరికె ఎందుకూ?

లీడరు మంచోడే, కానీ వాడి జేబులు రోజురోజుకీ ఉబ్బాయి. రేగ్గాయలు, గోలీలు, ఒకసారి సగం కొరికిన చెనిక్కాయల ఉండ. పేరు చెరపడానికో రేటు, ఇంటూ తగ్గించడానికో రేటు! తుడిచిన మరక చూసి "ఎవర్రా ఇది?" అంటే గదంతా ఒకటే మాట, "కాణిపాకం వినాయకుడి మీద ఒట్టు సార్, నేను కాదు." ఆ గుడిలో దొంగప్రమాణమంటే పెద్దోళ్లకే వణుకు. పంచాయితీలో తెగని తగాదాలు అక్కడ ప్రమాణంతో తెగుతాయి. అట్లాంటి దేవుణ్ణి సుద్దముక్క మరక కోసం 30 మంది చేత సాక్ష్యానికి పిలిపించాను. ఆ రోజు నుంచి "ఎవరు చేశారు?" అని గదంతటినీ నిలదీయడం మానేశాను.

పేర్లు మాత్రం మానలేదు. వాటిని మాన్పించింది నాలుగో క్లాసు పిల్ల. పక్కపిల్లకి లెక్క చెబుతుంటే లీడరు పేరు రాశాడు. నేను వాళ్ల పలకల వైపు కూడా చూడకుండా నిలబెట్టాను. దసరా సెలవుల దాకా ఆ పిల్ల నోరు విప్పలేదు. క్లాసు బుద్ధిగా ఉందని నేను మురిసిపోయాను కూడా. ఇది రాయాలంటే ఇప్పటికీ సిగ్గే.

తర్వాత తెలిసొచ్చింది, గోల ఎక్కడ పుడుతుందో. ప్రశ్న వెయ్యగానే చెయ్యెత్తే నలుగురితోనే పాఠం నడిపేసేవాణ్ణి. మిగతావాళ్లకి పనేముంది? పక్కోణ్ణి గిల్లడమే. అందుకని ప్రశ్న వేశాక మనసులో "గోవిందా" అని మూడుసార్లు నిదానంగా అనుకునేవాణ్ణి. అంతవరకూ ఎవరి వైపూ చూపుడువేలు పెట్టను. మొదట్లో ఎంత టెన్షనో! ఖాళీగా నిలబడితే అయివారు పాఠం మర్చిపోయాడనుకుంటారేమోనని. ఎవడైనా కదిలితే వాడి పక్కకెళ్లి నిలబడి అక్కణ్ణుంచే పాఠం చెప్పేవాణ్ణి. పేరు ఎత్తేవాణ్ణి కాదు.

ఆ పిల్ల ఒకరోజు మూడో గోవింద అయిపోయాక మాట్లాడింది. జవాబు తప్పే. పోనీ.

ఇదేదో నేనే కనిపెట్టానని చాలా ఏళ్లు మురిశాను. తీరా చూస్తే అమెరికాలో మేరీ బడ్ రో అనే ఆవిడ 1970ల నాటికే క్లాసులని టేపులో రికార్డు చేసి లెక్క తేల్చింది. టీచర్లు ప్రశ్న వేసి సగటున ఒక్క సెకను ఆగుతున్నారట. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడుగవుతాయి, మాట్లాడనివాళ్లూ మాట్లాడతారు, గద్దించే పనీ తగ్గుతుంది.

మీ కాలానికి చట్టం కూడా ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం పిల్లల్ని కొట్టకూడదు, మనసుని వేధించకూడదు. బోర్డు మీద పేరు అందులోకి వస్తుందో రాదో లాయర్లు చూసుకుంటారు, నాకైతే ఆ నాలుగో క్లాసు పిల్ల చాలు.

అమ్మణ్ణీ, సోమవారం సుద్దముక్క నీ చేతికొస్తుంది. ఐదు ఇంటూల సంగతి నువ్వే చూసుకో. కానీ సార్ బయటికెళ్లేటప్పుడు ఏదైనా లెక్క ఇచ్చి వెళ్లమని అడుగు. అబ్బోడా, మీ క్లాసులో పేరు చెరపడానికి ఇప్పుడు రేటెంతో కనుక్కుని ఫోను చెయ్యి.

మీ తాత