గునుగు పూలకు రంగులద్దే ముందు

మా వాడకట్టు పిల్లలకు,

మొన్న మీరొక మాట అడిగారు: "నానమ్మా, స్పీకర్ ఉండగా బతుకమ్మ పాటలు మనమెందుకు పాడాలి?" అప్పుడు పొయ్యి మీద పప్పు ఉండి జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను.

మీరు ట్రిప్పులో రామప్ప గుడి చూసి వచ్చారు కదా. 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి అది. ఈసారి పోయినప్పుడు ఫొటోలు తర్వాత దిగండి, ముందు లోపలి స్తంభాలను దగ్గరగా చూడండి. మోకాళ్లు వంచి ఆడేవాళ్లు, పక్కనే మద్దెల వాయించేవాళ్లు కనబడతారు. ఆ గుడి లేచిన నలభై ఏళ్లకు, 1253-54లో, జాయప సేనాని సంస్కృతంలో 'నృత్తరత్నావళి' రాశాడు. ఆయన కాకతీయ రాజు గణపతిదేవుడి ఏనుగుల దళానికి అధిపతి. అంతటి మనిషి కూర్చొని పాదం ఎట్లా పెట్టాలో, చెయ్యి ఎట్లా తిప్పాలో ఓపికగా రాశాడు. నాకు ఇంకా నచ్చేది ఏమిటంటే, ఎనిమిది అధ్యాయాల్లో నాలుగు జనం ఆడుకునే దేశి ఆటలకే ఇచ్చాడు. వీరులు ఆడే పేరిణి, చిందు, కోలలు పట్టి ఆడే దండరాసకం అన్నీ ఉన్నాయి.

తర్వాత పేరిణి మరుగున పడిపోయింది. నేర్పే గురువే లేడు. పోయిన శతాబ్దంలో నాట్యగురువు నటరాజ రామకృష్ణ గారు ఆ గ్రంథం చదివి, రామప్ప శిల్పాలు చూసి, ఒక్కొక్క అడుగు కూర్చి దాన్ని మళ్లీ నిలబెట్టారు. ఎంత కష్టమో ఆలోచించండి! రాతిలో భంగిమ దొరుకుతుంది గానీ, ఒక భంగిమ నుంచి ఇంకో భంగిమకు ఒళ్లు ఎట్లా కదిలిందో రాయి చెప్పదు.

బతుకమ్మ ఆట మాత్రం నేను ఏ పుస్తకంలోనూ నేర్చుకోలేదు. మా అమ్మ కొంగు పట్టుకొని వెనకాల తిరిగాను. ఆమె వంగితే వంగాను, చప్పట్లు కొడితే కొట్టాను. ఒకామె పాట ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు "ఉయ్యాలో" అని అందుకుంటారు. ఎత్తుకున్నామె కళ్లు అందరి మీదా ఉంటాయి. ముసలామె వెనకబడితే పాట నెమ్మదిస్తుంది. కొత్త కోడలు మొదటిసారి వస్తే ఆమె పేరు కూడా పాటలో కలుస్తుంది.

రెండేళ్ల కింద మన దగ్గర పెద్ద స్పీకర్లు పెట్టారు, గుర్తుందా? ఆ స్పీడుకు వంగి లేచే టైమ్ కూడా లేదు. నా ఈడు వాళ్లమంతా పక్కకు జరిగి కుర్చీల్లో కూర్చున్నాం. ఆ రాత్రి నాకు చాలా బాధయింది. స్పీకర్‌కు మనం కనబడం, బిడ్డా. మీ ప్రశ్నకు నా జవాబు ఇదే.

ఎంగిలిపూల రోజు, అంటే బతుకమ్మ మొదటి రోజు, మధ్యాహ్నమే మా ఇంటికి రండి. తంగేడు, గునుగు ముందురోజే తెప్పిస్తాను. గునుగుకు రంగులద్దాలి కాబట్టి పాత బట్టలు వేసుకోండి. మగపిల్లలు కూడా రావాలి, పూలు కోసుకొచ్చేది మీరేగా! పూలు పేర్చేటప్పుడు రెండు పాటలు నేర్పుతాను. ఒక నోటుబుక్కు తెచ్చుకోండి. మీ అమ్మమ్మలకు వేరే పాటలు వచ్చుంటాయి, అవి ఫోన్ చేసి అడిగి రాసుకొని రండి. నాకు రానివి మీరు నాకు నేర్పాలి.

మీ నానమ్మ,
హనుమకొండ