పది తేదీలు మాయమైన అక్టోబరు

చిట్టితల్లికి, బాబుకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం మీరిద్దరూ అమ్మ ఫోను లాక్కుని, "తాతయ్యా, ఇది పాడైపోయింది, 1582 అక్టోబరులో 4 పక్కనే 15 చూపిస్తోంది" అని ఒకటే గోల చేశారు. ఫోను బాగానే ఉందర్రా. ఆ నెలే అలాంటిది. రోమ్‌లో అక్టోబరు 4, గురువారం రాత్రి పడుకున్నవాడు తెల్లవారి లేచేసరికి శుక్రవారం, అక్టోబరు 15. వారం వరుస తప్పలేదు, తేదీలే పది ఎగిరిపోయాయి. స్పెయిన్‌లో అవిలా తెరేసా అనే పేరున్న సన్యాసిని సరిగ్గా ఆ రాత్రే కన్నుమూశారు. అందుకే ఆమె పండుగను ఇప్పటికీ అక్టోబరు 15న చేస్తారు.

ఇది ఫోనులో చెబితే మీరు సగంలోనే ఆటకు పారిపోతారు. అందుకే ఉత్తరం.

తేదీలను అలా ఎత్తేసిన మనిషి రోమ్‌లోని కతోలిక చర్చికి పెద్ద, పోపు పదమూడవ గ్రెగరీ. అంతకుముందు యూరప్ అంతా జూలియస్ సీజర్ నాటి క్యాలెండర్‌తో నడిచేది. అందులో ఏడాదికి 365 రోజుల 6 గంటలు. నాలుగేళ్ళకొక లీపు సంవత్సరంతో లెక్క సరిపోయేది. కానీ రుతువుల ఏడాది అంతకన్నా 11 నిమిషాల చిల్లర తక్కువ. 11 నిమిషాలంటే నేను కాఫీ తాగేంత సేపు, అదేం పెద్ద తేడా అనిపిస్తుంది. అయితే అది పేరుకుంటూ పోతుంది. 128 ఏళ్ళకు ఒక రోజవుతుంది.

ఆ ఒక రోజు గురించి రైతుకు పట్టింపు లేదు. వాడు మబ్బును చూసి దున్నుతాడు. బెంగంతా చర్చిది, ఎందుకంటే ఈస్టర్ తేదీ దాని మీదే ఆధారపడి ఉంది. పగలు, రాత్రి సమానమయ్యే వసంత విషువత్తు, ఆ తర్వాత వచ్చే పున్నమి, ఆ తర్వాతి ఆదివారం ఈస్టర్. మన ఉగాదిలాగే దాని తేదీ కూడా ఏటా మారేది అందుకే. క్రీ.శ. 325లో నైసియాలో క్రైస్తవ మతపెద్దల సభ జరిగిన రోజుల్లో విషువత్తు మార్చి 21న వచ్చేది. 1582 నాటికి అది మార్చి 11కు జారింది. క్యాలెండర్ మాత్రం ఇంకా 21నే పట్టుకుని వేలాడుతోంది. పండుగ తప్పు రోజున వస్తే దానికి ముందున్న నలభై రోజుల ఉపవాసమూ తప్పే. ఏకాదశి ఇవాళా రేపా అని రెండు పంచాంగాలు రెండు రకాలుగా చెప్పినప్పుడు మా అమ్మ ఎంత కంగారు పడేదో నాకు తెలుసు. రోమ్‌దీ అచ్చంగా ఆ కంగారే.

లెక్క కట్టింది పోపు కాదు. ఇటలీ దక్షిణాన కలాబ్రియాకు చెందిన లూయిజీ లిలియో అనే వైద్యుడు. ఆయన 1576లోనే పోయాడు. ఆ కాగితాలను రోమ్‌లో అందజేసింది ఆయన సోదరుడు ఆంటోనియో. క్రిస్టఫర్ క్లావియస్ అనే జెసూట్ గురువు, లెక్కల్లో దిట్ట, వాటిని సరిచూసి సమర్థించాడు. వాటికన్‌లో ఇందుకు సంబంధించిన గది ఒకటుంది, నాకు అన్నిటికన్నా నచ్చే ముచ్చట అదే. గోడల నిండా చిత్రాలు, దక్షిణపు గోడకు చిన్న కన్నం, నేలమీద పాలరాతిలో ఒక గీత. మధ్యాహ్నం ఆ కన్నంలోంచి వచ్చే ఎండ బిళ్ళ గీత మీద ఎక్కడ పడితే సూర్యుడు అక్కడున్నట్టు. క్యాలెండర్ ఒకటి చెబుతోంది, ఎండ ఇంకొకటి చెబుతోంది. కళ్ళెదుట నేలమీదే తేడా.

లిలియో చూపిన దారి చాలా తేలిక. వందతో ముగిసే ఏళ్ళలో 400తో నిశ్శేషంగా భాగించబడేవే లీపు సంవత్సరాలు. 1600 లీపు, 1700, 1800, 1900 కావు, 2000 మళ్ళీ లీపు. 400 ఏళ్ళలో మూడు రోజులు తగ్గించారు, అంతే. నలభై ఏళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి, ఇంత చిన్న సవరణతో ఇంత పెద్ద పని జరగడం నేను మరెక్కడా చూడలేదు.

1582 ఫిబ్రవరి 24 నాటి పోపు శాసనం చదివితే అందులో భక్తితో పాటు బజారు కూడా కనిపిస్తుంది. పది రోజులు పోయాయని అప్పులవాళ్ళు, అద్దెలవాళ్ళు పీకల మీద కూర్చోకుండా గడువుకు పది రోజులు కలపమన్నారు. ఆ తర్వాత ఇచ్చిన మరో ఆజ్ఞలో, కొత్త క్యాలెండర్ అచ్చువేసే హక్కు ఆంటోనియో ఒక్కడికే అన్నారు. కానీ ఆయన అడిగినవాళ్ళందరికీ అందించలేకపోవడంతో కొన్ని నెలలకే ఆ హక్కు రద్దయింది. కిరాణా కొట్టువాడు ఊరికే ఇచ్చే క్యాలెండర్‌ను తలుపు వెనుక తగిలించే మనకు ఇది వింతే.

స్పెయిన్, పోర్చుగల్, పోలండ్, ఇటలీలో చాలా భాగం వెంటనే మారాయి. ఫ్రాన్స్ డిసెంబరులో మారింది. మిగతా యూరప్‌లో చాలా భాగం ససేమిరా అంది. ఇక్కడ కాస్త ఆగి చదవండి.

అంతకు పదేళ్ళ ముందు, 1572 ఆగస్టులో, పారిస్‌లో ప్రొటెస్టెంట్లను, అంటే పోపును కాదని విడిపోయిన క్రైస్తవులను, వేలాదిగా నరికి చంపారు. ఆ కబురు రోమ్‌కు చేరినప్పుడు ఇదే గ్రెగరీ చర్చిలో కృతజ్ఞతా గీతాలు పాడించాడు, దాని జ్ఞాపకార్థం పతకం పోయించాడు. ఒకవైపు పోపు బొమ్మ, మరోవైపు కత్తి పట్టిన దేవదూత. ఇక ఇంగ్లండ్ రాణి ఎలిజబెత్‌నైతే 1570లో ముందటి పోపు వెలివేసి, ఆమె ఆజ్ఞలు పాటించవద్దని ప్రజలకే చెప్పాడు. అలాంటి గుమ్మంలోంచి వచ్చిన లెక్కను వాళ్ళు ఎలా తీసుకుంటారు? జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో కతోలికులు, ప్రొటెస్టెంట్లు పక్కపక్క వీధుల్లోనే ఉండేవారు. అక్కడ 1584లో క్యాలెండర్ కోసం జనం తిరగబడ్డారు. ఎలిజబెత్ కొలువులోని జాన్ డీ అనే గణితజ్ఞుడు ఈ లెక్క నిజమేనన్నాడు, బిషప్పులు అడ్డుపడ్డారు. ఇంగ్లండ్ 170 ఏళ్ళు మొండికేసి, చివరకు 1752లో దిగివచ్చింది. అప్పటికి తేడా 11 రోజులయింది. సెప్టెంబరు 2 మర్నాడు 14. "మా పదకొండు రోజులు మాకివ్వండి" అని లండన్‌లో అల్లర్లు జరిగాయని చాలామంది చెబుతారు గాని, దానికి ఆధారాలు లేవని చరిత్రకారులు తేల్చారు.

మీ అమెరికాలో ఫిబ్రవరిలో బడికి సెలవు ఇప్పించే జార్జ్ వాషింగ్టన్ కూడా ఈ గందరగోళంలోని మనిషే. పుట్టినప్పుడు ఆయన తేదీ 1731 ఫిబ్రవరి 11. ఇప్పుడు 1732 ఫిబ్రవరి 22 అంటాం. పదకొండు రోజులు సరే, ఏడాది ఎందుకు మారింది అంటారా? అప్పట్లో ఇంగ్లండ్‌కు కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. స్వీడన్ సంగతి ఇంకా తమాషా. సగం మారి, సగంలో మనసు మార్చుకుని, వెనక్కి వెళ్ళడానికి 1712లో ఫిబ్రవరికి 30వ తేదీ పెట్టుకుంది! రష్యా 1918లో మారింది. అందుకే అక్టోబరు విప్లవాన్ని నవంబరులో జరుపుకునేవారు.

బాబు అడిగేది నాకు తెలుసు, "గెలీలియోను శిక్షించింది కూడా వీళ్ళే కదా" అని. అవును, వీళ్ళే. భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్న కోపర్నికస్ 1543లో తన గ్రంథాన్ని ఒక పోపుకే అంకితం చేసి, క్యాలెండర్‌కు పనికొస్తుందని కూడా రాశాడు. 1616లో అదే గ్రంథాన్ని సవరించేదాకా చదవకూడదన్నారు. 1633లో గెలీలియోను మోకరిల్లబెట్టారు. ఎండ బిళ్ళను కొలిచినవాళ్ళూ ఆ ఇంటివాళ్ళే, భూమి తిరుగుతుందంటే నోరు నొక్కినవాళ్ళూ ఆ ఇంటివాళ్ళే. ఒకటి చెప్పి రెండోది దాచేవాణ్ణి నమ్మకండి.

మన పంచాంగం రుతువులను కాక నక్షత్రాలను పట్టుకుని నడుస్తుంది. అందుకే ఈ క్యాలెండర్‌లో సంక్రాంతి మెల్లగా ముందుకు జరుగుతోంది. వివేకానందుడు 1863 జనవరి 12న పుట్టాడు, ఆ రోజు మకర సంక్రాంతి. ఇప్పుడేమో 14 లేదా 15. 2100 ఫిబ్రవరిలో, లిలియో పుణ్యమా అని, 29వ తేదీ ఉండదు. ఆ తర్వాత సంక్రాంతి ఇంకో రోజు జరుగుతుంది. చిట్టితల్లికి అప్పటికి ఎనభై దాటుతాయి, భోగిపళ్ళు పోసే చేయి నీదే అవుతుంది. చూసుకో.

తేదీలు మార్చడానికి పోపే కానక్కర్లేదు లెండి. నన్ను బడిలో చేర్చినప్పుడు అమ్మ శ్రావణ బహుళ తదియ అని చెబితే, హెడ్మాస్టరు గారు పెన్ను తీసి జూలై 1 అని రాశారు. పింఛను కాగితాల దాకా నా వెంట అదే వచ్చింది. ఈసారి జూలై 1న ఫోను చేయకండి. తదియనాడు చేయండి. అది ఏ తేదీన పడుతుందో మీరిద్దరూ కలిసి వెతకండి, అమ్మను అడగకుండా.

మీ తాతయ్య