ఆర్కిడ్ కుండీలో ఉప్పు లెక్క

కిటికీ పక్కన పెట్టిన ఆర్కిడ్ కుండీలో, పైవరుస మట్టి గుళికల మీద తెల్లగా ఏదో పేరుకుంది. మొదట బూజు అనుకున్నాను. గోటితో గీరితే గరగరలాడుతూ పొడిగా రాలింది. బూజు అలా రాలదు. నాలుగు నెలలుగా నేను ఎంతో శ్రద్ధగా పోస్తూ వచ్చిన ఎరువే అలా తేలింది.

సెమీ హైడ్రోపోనిక్స్ అనే ఈ పద్ధతిలో కుండీ నిండా ఉండేవి మట్టి గుళికలే. బంకమట్టిని సుమారు 1200 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉబ్బేలా కాల్చి వీటిని తయారుచేస్తారు. పెంపకందార్లు లేకా అని పిలుస్తారు. గోళీలంత ఉంటాయి, లోపలంతా సన్నని రంధ్రాలే. కుండీకి రంధ్రాలు అడుగున ఉండవు. పక్కన, అడుగు నుంచి రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తున ఉంటాయి. వాటి కింద నిలిచే నీరే మొక్కకు నిల్వ. దీపపు వత్తి నూనెను లాక్కున్నట్టు, కేశనాళికీయత వల్ల ఆ నీరు గుళిక నుంచి గుళికకు పైకి పాకుతుంది. ఊరికి వెళ్లి పది రోజుల తర్వాత తిరిగొచ్చినా మొక్క వాడిపోదు. బాల్కనీ లేని చిన్న అపార్ట్‌మెంట్లలో ఈ పద్ధతికి ఇంత ఆదరణ దొరకడానికి అదొక కారణం, మట్టి చెత్త లేకపోవడం మరొకటి.

ఎప్పుడూ నీళ్లుండే కుండీలో ఆర్కిడ్ వేళ్లు కుళ్లవా? సాధారణంగా వేళ్లను చంపేది ఊపిరాడకపోవడం. నీటిలో ఆక్సిజన్ వ్యాపించే వేగం గాలిలో కన్నా దాదాపు 10,000 రెట్లు తక్కువ. ఆర్కిడ్లను మామూలుగా పెంచే బెరడు ముక్కలు ఏడాది రెండేళ్లలో మెత్తబడి, సందులు పూడిపోయి, తడి ముద్దగా మారతాయి. కాల్చిన గుళికలు మెత్తబడవు. వాటి మధ్య ఖాళీలు ఎన్నాళ్లయినా అలాగే ఉంటాయి. గుళికల మీద పలచటి నీటిపొర, పక్కనే గాలి. వేరుకు రెండూ ఒకేచోట దొరుకుతాయి.

ఇళ్లలో ఎక్కువగా కనిపించే ఫెలనాప్సిస్ అనే ఆర్కిడ్ అడవిలో చెట్ల కొమ్మలను పట్టుకుని పెరుగుతుంది. బదనికలా చెట్టు రసం పీల్చదు, ఆసరా మాత్రమే తీసుకుంటుంది. దాని వేళ్ల మీద వెలామెన్ అనే స్పాంజి లాంటి పొర ఉంటుంది. అందులోవి చనిపోయిన కణాలు, అంటే ఖాళీ గదులు. పొడిగా ఉన్నప్పుడు వాటి నిండా గాలి ఉండి వేరు వెండి రంగులో కనిపిస్తుంది. ఒక చుక్క నీరు వేసి చూడండి. చుక్క పడిన చోట ఆకుపచ్చ మరక పుట్టి పక్కలకు పాకుతుంది. గదుల్లోకి నీరు చేరగానే పొర పారదర్శకమై, లోపలి పత్రహరితం బయటపడుతుందన్నమాట. వాన వచ్చినప్పుడు దొరికినంత పీల్చుకోవడానికి అమరిన ఏర్పాటు ఇది. కొమ్మల మీదుగా జారే ఆ నీటిలో పోషకాలు ఉంటాయి కానీ, బహు పలచన.

నేను చేసిన తప్పు ఇక్కడే ఉంది. కుండీని సింకు దాకా మోయడానికి బద్ధకించి, నిల్వ తగ్గినప్పుడల్లా గరాటుతో ఎరువు నీళ్లు నింపేశాను. లెక్క వేసి చూస్తే సంగతి తెలుస్తుంది. నిల్వ 200 మిల్లీలీటర్లు, ఎరువు లీటరుకు అర గ్రాము అనుకుందాం. మొదటిసారి కుండీలో పడేది 0.1 గ్రాము. వారానికి 150 మిల్లీలీటర్లు తగ్గితే, తిరిగి నింపినప్పుడల్లా ఇంకో 0.075 గ్రాము చేరుతుంది. ఎనిమిది వారాలకు మొత్తం 0.7 గ్రాములు. నీళ్లు మాత్రం అవే 200 మిల్లీలీటర్లు. లీటరుకు అర గ్రాముతో మొదలైన గాఢత మూడున్నర గ్రాములైంది, అంటే ఏడు రెట్లు! మొక్క కొంత వాడుకుంటుంది కాబట్టి నిజంగా ఇంత చేరదు. కానీ ఫెలనాప్సిస్ నిదానంగా తాగే మొక్క. నీరు వృథా కాకుండా పత్రరంధ్రాలను ఎక్కువగా రాత్రిపూటే తెరుస్తుంది. గది పొడిగా ఉంటే గుళికల పైనుంచి ఎగిరిపోయే నీరే ఎక్కువ. నీరు ఆవిరవుతుంది, లవణం మిగిలిపోతుంది. అదీ పైవరుసలో, కాండం మొదట్లోంచి లేత వేళ్లు దిగే చోట. బయట లవణ గాఢత మితిమీరితే ద్రవాభిసరణం ఎదురు తిరుగుతుంది. వేరులోకి నీరు రాకపోగా, ఉన్నది బయటికి పోతుంది. కుండీలో నీళ్లున్నా నా మొక్క ఆకులు ముడతలు పడ్డాయి. వేరుకొనలు నల్లబడ్డాయి.

ఇప్పుడు వారానికోసారి కుండీని సింకులో పెట్టి, అంచు దాకా నింపి, పక్క రంధ్రాల నుంచి పూర్తిగా కారనిస్తాను. ఇలా రెండు మూడుసార్లు చేస్తే పాత లవణం కొట్టుకుపోతుంది. నీరు దిగుతూ గుటగుటమంటుంది. ఆ చప్పుడు నాకు ఇష్టం. కిందికి జారే నీరు తన వెనక కొత్త గాలిని గుళికల మధ్యకు లాక్కెళుతుంది. ఆకుల మొదళ్ల మధ్య నీరు నిలిస్తే మాత్రం కాగితంతో అద్దేయాలి, లేకపోతే మొవ్వు కుళ్లుతుంది.

ఎరువు ప్యాకెట్ మీద 20-20-20 అని ఉంటే అందులో నత్రజని 20 శాతం. లీటరుకు అర గ్రాము కలిపితే 100 మిల్లీగ్రాముల నత్రజని, అంటే 100 పీపీఎం (పది లక్షల భాగాల్లో వంద). వారానికోసారి పోయడానికి ఇది చాలు. నత్రజని యూరియా రూపంలో ఎక్కువగా ఉన్నవి నేను కొనను. యూరియాను అమ్మోనియంగా, ఆపైన నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు మట్టిలో దండిగా ఉంటాయి, కొత్త గుళికల్లో అంతగా ఉండవు. ఆర్‌వో నీరు వాడేవారు కాల్షియం, మెగ్నీషియం ఉన్న ఎరువు చూసుకోవాలి, ఆ నీటిలో అవి దాదాపు ఉండవు. ఇక పూల కోసమంటూ అమ్మే అధిక భాస్వరం పొడుల మీద నాకు నమ్మకం లేదు. ఫెలనాప్సిస్‌కు పూకాడ వేయాలన్న సూచన అందేది కొన్ని వారాల చల్లదనం నుంచి.

చల్లదనం అన్నాను గానీ, వేళ్లకు అది అతి కాకూడదు. మట్టికుండలో నీళ్లు చల్లబడినట్టే, ఆవిరయ్యే నీటి వల్ల గుళికలు గది కన్నా కాస్త చల్లగా ఉంటాయి. ఏసీ గాలి సూటిగా తగిలే చోట కుండీ పెట్టవద్దనేది అందుకే.

బెరడులో పెరిగిన పాత వేళ్లు ఈ తడికి అలవాటు పడవు, చాలావరకు చచ్చిపోతాయి. కొత్త వేరు మొలక కనిపించినప్పుడే గుళికల్లోకి మార్చడం మేలు. నా మొక్కలో నల్లబడిన కొనలు మళ్లీ పచ్చబడలేదు. కడగడం మొదలుపెట్టిన ఆరో వారంలో, కింది ఆకు పక్కన లేతాకుపచ్చ కొనతో ఒక వేరు పొడుచుకొచ్చింది. అయితే అది గుళికల్లోకి దిగకుండా, కుండీ అంచు దాటి గాలిలోకి పోయింది.