కోట్టెలో మన జవాన్ల పేర్లు: ఐపీకేఎఫ్ స్మారకం వెనక ఉన్న చరిత్ర

శ్రీలంక పార్లమెంటు ఉన్న శ్రీ జయవర్ధనపుర కోట్టెలో వెయ్యికి పైగా భారత సైనికుల పేర్లు రాతి మీద చెక్కి ఉన్నాయి. 1987 నుంచి 1990 దాకా ఆ దేశంలో ప్రాణాలు వదిలిన భారత శాంతి పరిరక్షక దళం, మన పత్రికల మాటలో ఐపీకేఎఫ్, జవాన్ల పేర్లవి. ఆ స్మారకాన్ని కట్టించింది శ్రీలంక ప్రభుత్వం. 2008లో అది పూర్తయ్యేనాటికి ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకమే లేదు. ఇండియా గేట్ పక్కన అది ప్రారంభమైంది 2019 ఫిబ్రవరి 25న. మన సైన్యాన్ని వెళ్లిపొమ్మని పట్టుబట్టిన దేశం మనకంటే ముందే మనవాళ్ల పేర్లు ఎందుకు చెక్కించిందన్న ప్రశ్నకు జవాబు కావాలంటే 1987కు వెళ్లాలి.

1983 జూలైలో తమిళుల మీద జరిగిన మారణకాండ తర్వాత శ్రీలంక అంతర్యుద్ధంలో పడింది. తమిళ సాయుధ బృందాలకు తమిళనాడులో ఆశ్రయం దొరికింది, భారత నిఘా వర్గాల నుంచి శిక్షణా దొరికింది. 1987 జూన్ 4న మన వాయుసేన శ్రీలంక ఉత్తరాన తమిళులు ఉండే జాఫ్నా మీద ఆహార పదార్థాలు జారవిడిచి కొలంబో మీద ఒత్తిడి పెంచింది. జూలై 29న ప్రధాని రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే శాంతి ఒప్పందం మీద సంతకాలు చేశారు. మన సైన్యం అక్కడికి వెళ్లింది ఆ ఒప్పందం మేరకే. మర్నాడు కొలంబోలో గౌరవ వందనం స్వీకరిస్తున్న రాజీవ్‌ను ఒక శ్రీలంక నావికుడు తుపాకీ మడమతో కొట్టాడు. ఆ ఒప్పందం మీద సింహళుల్లో ఎంత కోపం ఉందో అప్పుడే బయటపడింది.

ఇక్కడే మన ఊరి సంగతి వస్తుంది. ముందుగా జాఫ్నాలో దిగింది సికింద్రాబాద్ కేంద్రంగా ఉండే 54వ పదాతి దళ డివిజన్. మేజర్ జనరల్ హర్‌కీరత్ సింగ్ దాని అధిపతి. వాళ్లకు చెప్పిన పని యుద్ధం కాదు, తమిళ బృందాల దగ్గర ఆయుధాలు తీసుకుని శాంతి నిలపడం. జనం మొదట్లో పూలదండలతో ఎదురొచ్చారు. రెండు నెలలు గడిచేసరికి అంతా తారుమారైంది. భారత్ తీరును నిరసిస్తూ నిరాహార దీక్షకు కూర్చున్న తిలీపన్ సెప్టెంబరు 26న చనిపోయాడు. అతను ప్రత్యేక తమిళ దేశం కోసం పోరాడే ఎల్టీటీఈ, అంటే తమిళ టైగర్ల, నాయకుల్లో ఒకడు. శ్రీలంక సైన్యం అదుపులో ఉన్న 12 మంది ఎల్టీటీఈ సభ్యులు అక్టోబరు 5న జాఫ్నా దగ్గరి పలాలిలో సయనైడ్ మింగి చనిపోయారు. దాంతో ఎల్టీటీఈ తిరగబడింది. కొద్దిరోజుల్లోనే దాని మీద మన సైన్యం దాడి, ‘ఆపరేషన్ పవన్’, మొదలైంది.

అక్టోబరు 11 రాత్రి జరిగినదాన్ని కాస్త నిలబడి చెప్పాలి. ఎల్టీటీఈ నాయకత్వాన్ని పట్టుకోవాలని జాఫ్నా విశ్వవిద్యాలయ మైదానంలో హెలికాప్టర్ల నుంచి కమాండోలను, 13వ సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ జవాన్లను దించారు. మన రేడియో మాటలు విని టైగర్లు ముందే కాపు కాశారు. తూటాల దెబ్బకు హెలికాప్టర్లు మళ్లీ రాలేకపోయాయి. 30 మంది సిక్కు జవాన్లు అక్కడ ఒంటరిగా మిగిలారు. రేడియో ఆపరేటర్ చనిపోవడంతో ఆ కాస్త సంబంధమూ తెగింది. మర్నాడు తూటాలు అయిపోయాక చివర మిగిలినవాళ్లు తుపాకీ కత్తులతోనే మీదికి ఉరికారు. 30 మందిలో బతికింది ఒక్కడే, అతనూ బందీగా. పథకం వేసినవాళ్లు దాన్ని ఎంత తేలిగ్గా తీసుకున్నారో తలచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది. జాఫ్నా పోరులో పోయినవాళ్లకు పలాలిలో వేరే స్మారకం ఉంది. అంతర్యుద్ధం ముగిశాక దాన్ని బాగుచేశారు.

జాఫ్నాలోనే ఇంకో జ్ఞాపకం ఉంది. దాన్ని దాటేసి ఈ కథ చెప్పడం న్యాయం కాదు. అదే నెల 21న, దీపావళి రోజు, భారత సైనికులు జాఫ్నా ఆసుపత్రిలోకి చొరబడి జరిపిన కాల్పుల్లో రోగులు, వైద్యులు, నర్సులు కలిపి 60 మందికి పైగా చనిపోయారు. చనిపోయిన సిబ్బంది ఫొటోలకు ఆసుపత్రివాళ్లు ఏటా దండలు వేసి నివాళి అర్పిస్తారు. మన జవాన్ల త్యాగం నిజం, ఆ ఆసుపత్రి చావులూ నిజం.

నవంబరు 25న మేజర్ రామస్వామి పరమేశ్వరన్ ఛాతీలో తూటా దిగినా ఎదుటివాడి తుపాకీ లాక్కుని అతన్ని కాల్చి ప్రాణం విడిచారు. ఈ యుద్ధంలో పరమవీర చక్ర వచ్చింది ఆయనొక్కరికే. ఒక దశలో మన సైన్యం అక్కడ 70 వేలు దాటింది. మొత్తం 1,165 మంది చనిపోయారనీ, 3 వేల మందికి పైగా గాయపడ్డారనీ మన ప్రభుత్వం లెక్క.

ఇంతమంది పోయినా స్వదేశంలో ఆ మౌనం ఎందుకు? నా మటుకు నాకు కారణం ఒకటే. ఈ యుద్ధాన్ని మాది అని చెప్పుకునేవాళ్లు ఎవరూ మిగల్లేదు. 1989లో కొత్త అధ్యక్షుడు ప్రేమదాస ‘వెళ్లిపోండి’ అన్నారు. మనవాళ్ల మీదికి ఎక్కుపెట్టడానికి ఎల్టీటీఈకి ఆయుధాలు ఇచ్చిందీ ఆయన ప్రభుత్వమే. ఢిల్లీలో సర్కారు మారి వి.పి. సింగ్ వచ్చారు. 1990 మార్చి 24న ఆఖరి దళాలు ఓడ ఎక్కాయి. మద్రాసులో స్వాగతానికి అప్పటి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లలేదు. తమిళుల మీద తుపాకీ ఎత్తిన సైన్యాన్ని ఆహ్వానించలేనన్నది ఆయన వాదన. పంపిన పార్టీకి ఇది ఓటమి, రప్పించిన పార్టీకి ఎదుటివాళ్ల తప్పు. 1991 మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ హత్యతో జనం మనసులో ఆ దుఃఖమే మిగిలింది, జవాన్ల ఊసు వెనక్కి పోయింది.

కొలంబోకు మాత్రం కాలంతో లెక్క మారింది. ప్రేమదాసను కూడా 1993లో టైగర్లే చంపారు. ఎల్టీటీఈ ఉమ్మడి శత్రువయ్యాక, తమ గడ్డ మీద దానితో పోరాడి చనిపోయిన భారత జవాన్లను గౌరవించడంలో శ్రీలంకకు ఇబ్బంది లేకపోయింది, స్నేహానికి గుర్తుగానూ పనికొచ్చింది. 2015 మార్చిలో, మళ్లీ 2025 ఏప్రిల్‌లో ప్రధాని మోదీ కోట్టె స్మారకం దగ్గర పుష్పగుచ్ఛం ఉంచారు.

ఇప్పుడు ఢిల్లీ స్మారకంలో ఆపరేషన్ పవన్ జవాన్ల పేర్లూ ఉన్నాయి. అయితే బంగ్లాదేశ్ యుద్ధానికి డిసెంబరు 16, కార్గిల్‌కు జూలై 26 ఉన్నట్టు వీళ్లకు దేశమంతా తలచుకునే రోజు లేదు. సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్ దగ్గర వీరుల సైనిక స్మారక్ ఉంది. అక్కడ గణతంత్ర దినాన మన ముఖ్యమంత్రులు పుష్పాంజలి ఘటిస్తుంటారు. 54వ డివిజన్ బయల్దేరిన ఊరిది. మార్చి 24న కూడా ఆ మెట్లెక్కి శ్రీలంకలో పోయినవాళ్ల పేర్లు పైకి చదవమని ప్రభుత్వాన్ని అడిగే హక్కు ఈ ఊరికి ఉంది.