పైపు తొడుగుల తగువు: మూలం రాతినారలో ఉంది

వేడినీటితో గదులు వెచ్చబరిచే ఇళ్లలో పైపుల వేడి పోకుండా ఫోమ్ తొడగాలా, ఫైబర్‌గ్లాస్ వేయాలా అన్న వాదన మళ్లీ రాజుకుంది. ఆవిరియంత్రాల నాటి కథ ఇక్కడ అక్కర్లేదు. రాతినార, అంటే ఆస్‌బెస్టాస్, దగ్గర మొదలుపెడితే చాలు.

ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం పైపు తొడుగంటే అదే. మెగ్నీషియా అనే తెల్లటి ఖనిజపు పొడిలో కలిపి అచ్చుపోసేవారు, ముడతల అట్టలా చుట్టేవారు, ముద్దచేసి పూసేవారు. 1964లో డాక్టర్ ఇర్వింగ్ సెలికాఫ్ బృందం అమెరికాలో రాతినారతో ఇన్సులేషన్ పని, అంటే వేడి ఆపే తొడుగులు వేసే పని, చేసిన 632 మంది లెక్క బయటపెట్టింది. ఊపిరితిత్తుల, వాటి పైపొర క్యాన్సర్ చావులు మామూలుగా ఆరేడు ఉండాల్సిన చోట 45 ఉన్నాయి. 1975లో అక్కడి పర్యావరణ సంస్థ, చేత్తో నలిపితే పొడయ్యే రాతినార తొడుగులను భవనాల పైపులకు, బాయిలర్లకు కొత్తగా వేయడం నిషేధించింది. ఉన్నవాటి జోలికి పోలేదు. పాత నేలమాళిగల్లో ఆ తెల్లటి తొడుగులు ఇప్పటికీ కనిపించేది అందుకే. పరీక్ష చేయించకుండా వాటిని కోయకూడదు, పీకకూడదు.

ఆ భయం గాజునారకూ, అంటే ఫైబర్‌గ్లాస్‌కూ, అంటుకుంది. 1988లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం గ్లాస్‌వూల్‌ను (దూదిలా ఉండే గాజునారను) 'క్యాన్సర్ కలిగించవచ్చు' అన్న వర్గంలో పెట్టింది. 2001లో ఇన్సులేషన్ గ్లాస్‌వూల్‌ను అందులోంచి తీసేసింది. మొదటి కబురు గుర్తున్నంతగా రెండోది జనానికి గుర్తులేదు. ఫోమ్‌కు అదే కలిసొచ్చిందని నా అనుమానం.

ఫోమ్ వైపువాళ్లు చెప్పేది సులువు గురించి: కత్తితో కోసి, చీలిక తెరిచి తొడిగేయొచ్చు, దుమ్ము ఉండదు. నిజమే, గాజునార దురదపెడుతుంది, మాస్కు, గ్లవ్స్ తప్పవు. మందం సమానమైతే వేడి ఆపడంలో రెండూ దాదాపు ఒకటే. కానీ మామూలు పాలిథిలిన్ ఫోమ్ 95-100 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, రబ్బరు ఫోమ్ 105 వరకు ఓర్చుకుంటుంది. ఫైబర్‌గ్లాస్‌కు ఆ వేడి లెక్కలోకే రాదు. ఆవిరి పైపులకు, కట్టెలు, బొగ్గుతో నడిచే బాయిలర్ పక్కనున్న పైపులకు పాలిథిలిన్ వేస్తే కరిగి కారుతుంది. 35-55 డిగ్రీల నీళ్లు పంపే హీట్‌పంపు (బయటి వేడిని కరెంటుతో లోపలికి లాగే యంత్రం) ఉన్నచోట మాత్రం ఈ తగువే అనవసరం, ఫోమ్ చాలు.

ఇంకోటి. పాత రాతినార తొడుగు తరచూ అంగుళం, అంటే 25 మిల్లీమీటర్ల, మందం ఉండేది. దాన్ని తీయించి 9 మిల్లీమీటర్ల ఫోమ్ వేయించుకున్నవాళ్లు, బిల్లు పెరిగిందేమిటని ఫోమ్‌ను తిడుతున్నారు.